రూతు దీదీ కారు వెనక

వాన వెలిసిన రోడ్డు మీద దిగువకు వచ్చే కార్ల బ్రేకులు వేడెక్కితే ఒక వాసన వస్తుంది. కాలిన ఇనుమూ తడిసిన దుమ్మూ కలిసినట్టుంటుంది. మొన్న పోర్ట్ బ్లెయిర్‌లో యాత్రికులను హోటలుకు తీసుకెళ్తూ ఒక దిగుడు దగ్గర ఆగితే, ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. వెంటనే రూతు దీదీ గుర్తొచ్చింది, ఆమె మీద నాకున్న పాత ఈర్ష్యా కదిలింది. గురువులను తలచుకుంటే చాలామందికి కళ్ళు చెమరుస్తాయట. నాకు ముందు కడుపు మండుతుంది. కృతజ్ఞత ఆ తర్వాతెప్పుడో నెమ్మదిగా వస్తుంది.

ఆమెను ఎరగనివాళ్ళకు కొంచెం చెప్పాలి. రూతు దీదీ ఈ ద్వీపాల్లోనే పుట్టిన తెలుగు క్రైస్తవురాలు. తండ్రి గోదావరి వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె నడిపే టూరిస్టు టాక్సీల ఆఫీసులో నేను బుకింగులు చూసేవాణ్ణి. అప్పటికే ఆమెకు యాభై దాటాయి. పొట్టి మనిషి. సీటు బాగా ముందుకు లాక్కుని, స్టీరింగును హత్తుకున్నట్టు కూర్చునేది. టాక్సీలు కాక, సొంతానికి ఒక బూడిదరంగు చిన్న కారు ఉండేది. హాట్ హ్యాచ్ అంటారు అలాంటివాటిని. చూడ్డానికి పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చుకునే ఐదు తలుపుల కారే. లోపల మాత్రం దాని ఒంటికి మించిన ఇంజను. దాన్ని చూసి ఎవరూ తల తిప్పేవారు కాదు. అది ఆమెకు ఇష్టం కూడా.

నాకైతే అందరి తలలూ నావైపు తిరగాలి. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వలతో వచ్చి జంగ్లీఘాట్‌లో గుడిసె వేసుకున్నాడు. నాన్న కాలానికి మాకు రెండు మోటారు పడవలయ్యాయి. నాకు చిన్నప్పటి నుంచీ కార్ల పిచ్చి. చివరికి చెన్నైలో పాతబడ్డ ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు కొని ఓడలో తెప్పించాను. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. హాడో రేవులో క్రేను దాన్ని దించుతుంటే కూలీలు పని ఆపి చూశారు. రూతు దీదీ కూడా వచ్చింది. దాని చుట్టూ తిరిగి, వంగి కిందకు చూసింది.

"బహుత్ సుందర్ హై, అప్పన్నా. మన రోడ్డుకి దీని కడుపు తగలదూ?" అంది.

ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది. అయినా నాకు గుచ్చుకుంది. వచ్చే ఆదివారం ద్వీపం దక్షిణ కొసనున్న చిడియాటాపు దాకా వెళ్దాం, ఎవరిది ముందుంటుందో చూద్దామన్నాను. కాగితాల మీద నా కారుదే పైచేయి. బలం ఎక్కువ, బరువు తక్కువ. ఆమె నవ్వి, తెల్లవారుతూనే వెళ్దాం, జనం ఉన్నచోట మాత్రం పందెం లేదు అంది.

ఊరు దాటాక తిన్నని రోడ్డు తగిలినంతసేపూ నేనే ముందున్నాను. అద్దంలో ఆమె కారు అగ్గిపెట్టెలా చిన్నదైపోయింది. ఆ ఆనందం ఎంతోసేపు లేదు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను ఏటవాలుగా, ఊపిరి బిగబట్టి దాటాలి. ఆమె మామూలుగా దాటేసేది. బర్మానాలా దగ్గర సముద్రం పక్కన గుంతలు, ఆ తర్వాత అడవిలో మెలికల మీద మెలికలు, మలుపుల్లో రాత్రి వాన తెచ్చి పోసిన బురద. ఒక మలుపులో నేను వేగం తగ్గించేసరికి ఆ బూడిదరంగు కారు పక్కనుంచి వెళ్ళిపోయింది. చిడియాటాపులో దిగేసరికి ఆమె బానెట్ మీద ఫ్లాస్కు పెట్టి టీ తాగుతోంది.

కారు తేడా అన్నాను. ఈ రోడ్లకు మీ కారే సరిపోతుంది, నాది పెద్ద రోడ్ల బండి అన్నాను. ఆమె వాదించలేదు. తిరుగు దారిలో కార్లు మార్చుకుందామంది.

ఆ మాటకు నా మనసు గంతులేసింది. ఈ రోడ్డు మీద గెలిచే కారు ఇప్పుడు నా చేతిలో ఉంది కదా. కానీ అడవి దాటకముందే నా ఎర్ర కారు నా కళ్ళముందే మాయమైంది. ఆమె చేతుల్లో దాని కడుపు ఎక్కడా తగిలినట్టు లేదు. బర్మానాలాలో కొబ్బరిబోండాల బండి దగ్గర నాకోసం కూర్చుని ఉంది.

"నీ కారు మంచిదేరా. నువ్వు మలుపులోకి వచ్చాక బ్రేకు నొక్కుతున్నావు. ముందే నొక్కేసెయ్. తర్వాత దాన్నీ పోనీ, నువ్వూ పో" అంది.

కారు తేడా కాదని తేలిపోయింది. అంతవరకూ ఆమె కారు మీద ఉన్న అసూయ ఆ బోండాల బండి దగ్గర ఆమె మీదికి మళ్ళింది. కారునైతే ఎప్పటికైనా కొనుక్కోవచ్చు. ఆ చేతులు ఎక్కడ కొంటాను?

ఆ వర్షాకాలంలోనే బర్మానాలాలో పడవకూ గట్టుకూ మధ్య పడి నాన్న తొడ ఎముక విరిగింది. కబురు ఆఫీసుకు వచ్చింది. అంబులెన్సు ఇంకెక్కడికో వెళ్ళి ఉంది. నేను నా కారు వైపు పరుగెత్తాను. రూతు దీదీ నా భుజం పట్టి ఆపింది.

"అందులో మనిషిని ఎక్కడ పడుకోబెడతావ్, భయ్యా?"

ఆమె కారులోనే బర్మానాలా వెళ్ళాం. అక్కడివాళ్ళు వెనక సీటు మడిచి, వెనక తలుపు ఎత్తి, పడవ చెక్క మీద కట్టిన నాన్నను నిలువునా లోపలికి జరిపారు. ఆయన తల నా ఒళ్ళో ఉంది. వాన జోరుగా ఉంది. ఆమె అంత వేగంగా నడపడం నేను ఎప్పుడూ చూడలేదు, అయినా కారు కదులుతున్నట్టే లేదు. నాన్న ఒక్కసారైనా మూలగలేదు. చెప్పుకుంటే బాగుండదు కానీ, ఒళ్ళో తండ్రి ప్రాణం పెట్టుకుని కూడా నేను ఆమె చేతులనే చూశాను. నాకు ఇది ఎందుకు రాదు అనుకుంటూనే ఆసుపత్రికి చేరాను. దారిలో ఎముక కదలకపోవడం మంచిదైందన్నాడు డాక్టరు.

నాన్న నడవగలిగాక వచ్చినవాళ్ళందరికీ ఆ ప్రయాణం గురించే చెప్పేవాడు. ఒకసారి నా ఎదుటే అన్నాడు: "ఆ యమ్మ అల సూసి పడవ తిప్పినట్టు తిప్పుతాదిరా. నీకు అల అవుపడదు."

ఆ ఏడే స్పోర్ట్స్ కారు అమ్మేశాను. బుకింగులు వదిలి టాక్సీ నడపడం మొదలుపెట్టాను. ఆమె పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి తిట్లు తిన్నాను. కాళ్ళు బలహీనపడి ఆమె కారు అమ్ముతానన్నప్పుడు నాకివ్వమని అడిగాను. ఇవ్వలేదు. నీకైతే నాలాగే నడపాలన్న యావ పుడుతుంది, వద్దు అంది. దాన్ని ఒక స్కూలు టీచరు కొన్నాడు. రెండో గేరు దాటకుండా బజారుకు తీసుకెళ్ళేవాడు. రోడ్డు మీద అది ఎదురైనప్పుడల్లా ఆయన్ని దించేసి తాళం లాక్కోవాలనిపించేది.

కిందటేడు రూతు దీదీ పోయింది. తెలుగు చర్చిలో ప్రార్థనకు నాన్న చేతికర్రతో వచ్చి, పాటలు రాకపోయినా చివరిదాకా నిలబడ్డాడు. తిరిగి వస్తుంటే నా పక్క సీట్లో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక దిగుడు మలుపు తిప్పాక నా వైపు చూశాడు.

"ఇప్పుడు అచ్చం ఆ యమ్మలాగే తిప్పినావు."

ఇన్నేళ్ళుగా ఆయన నోట ఒక మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను. వచ్చిన ఒక్క మాటా ఆమెకే వెళ్ళింది. నాన్నను ఇంటి దగ్గర దింపి, చిడియాటాపు రోడ్డు ఎక్కాను. ఆ రోజు ఒక మలుపైనా ఆమెలా కాకుండా, ఆమెకంటే బాగా తిప్పాలనుకున్నాను. కుదరలేదు. ఖాళీ దొరికిన ఆదివారాల్లో ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను.