తడిసిన తంగేడు

మొన్న సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండలో తంగేడు కట్ట కొంటుంటే, అమ్మే ఆమె పూలు వాడిపోకుండా చల్లిన నీళ్లు నా అరచేతికి తగిలాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా కట్టను చటుక్కున కింద పెట్టేశాను. ఆమె వింతగా చూసింది. తంగేడు కొనేది కాక, కోసుకొచ్చేదిగా ఉన్న రోజులు మీలో నా ఈడువారికి జ్ఞాపకముండే ఉంటాయి.

డెబ్బైల చివరి మాట. ఆ వేసవిలోనే అక్క పెళ్లయింది. బావది బందరు, డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం. పెళ్లయ్యాక మొదటి బతుకమ్మ పుట్టింట్లో ఆడాలి గనుక ఇద్దరూ వరంగల్లు వచ్చారు. కొత్త పెళ్లికూతురి బతుకమ్మ ఎంత ఎత్తున ఉంటుందా అని వాడకట్టంతా చూస్తుంది. తంగేడు లేనిదే అది బతుకమ్మే కాదు. అందుకే పండుగ ఆఖరి రోజు, సద్దుల నాడు పొద్దున్నే అమ్మ, "బావకు ఖిలా చూపెట్టి, తంగేడు తెంపుకొని జర జల్ది రాండ్రి బిడ్డా" అని బావనూ నన్నూ సైకిళ్ల మీద పంపింది.

ఖిలా బయటి చుట్టైన మట్టికోట ఏటవాలంతా పసుపు ఆరబోసినట్టు తంగేడు పూసి ఉంది. ఇప్పుడే కోస్తే ఎండకు వాడిపోతాయి, తిరుగు ప్రయాణంలో కోద్దామని నేనే అన్నాను. జొన్న చేల మధ్య సైకిళ్లు నడిపించుకుంటూ పోయి రాతికోట చూశాం, తోరణాల నీడన కూర్చున్నాం, ఏకశిల గుట్టెక్కి అమ్మ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. బావ మాత్రం అడుగడుగునా బందరు కోటనే తలచుకున్నాడు. ఉప్పుగాలికి గోడల సున్నం రాలడం, రాత్రిపూట సముద్రపు హోరు, తెరచాపలు, ఎన్నెన్నో చెప్పి చివరకు, "అంతా బాగానే ఉంది గాని బావమరిదీ, మీ కోటకి సముద్రమేదోయ్?" అని నవ్వాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నీళ్లు మాకూ ఉన్నాయని కందకం చూపించడానికి కోట చుట్టూ తిప్పాను. పొద్దు వాలింది. తిరిగి వచ్చి చూస్తే మట్టికోట మీద పువ్వన్నది లేదు. ఊరంతా వచ్చి కోసుకుపోయింది.

నేను దిక్కుతోచక నిలబడి ఉంటే, కిందనుంచి బావ కేక వినిపించింది. ప్యాంటు పైకి మడిచి కందకంలోకి దిగి ఉన్నాడు. "చూశావటోయ్, మీ సముద్రమే మనకి పూలిచ్చింది!" ఆయన చేతినిండా తంగేడు. నేను నిర్ఘాంతపోయాను. అవి ముందటి రోజు సాయంత్రం కోటలోని ఆడపిల్లలు ఆడి, పాడి, నీళ్లలో సాగనంపిన బతుకమ్మల పూలు. పూల రూపంలో సాగనంపిన గౌరమ్మను ఎవరైనా తిరిగి ఇంటికి తెస్తారా? ఆయన బందరు మనిషి, తెలియదు. నాకు తెలుసు. ఉత్తచేతులతో ఇంటికెళితే అమ్మ ఏమంటుందోనన్న భయంతో నోరు మూసుకుని తువ్వాలు పట్టాను.

ఇంట్లో అక్క తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, రంగులద్దిన గునుగు పూలు పేర్చుకుని ఎదురుచూస్తోంది. మూట విప్పి రెండు గుప్పిళ్లు తీసిందో లేదో, ఆమె చెయ్యి ఆగిపోయింది. పూల మధ్య సగం కాలిన అగరొత్తి పుల్ల.

"ఇవ్వెక్కడియిరా?" అంది అమ్మ.

"కందకంలోవండీ అత్తయ్యగారూ, బోలెడు తేలుతున్నాయి!" అన్నాడు బావ, మెచ్చుకుంటారనుకుని.

అమ్మ మూటను తాంబాళం నుంచి దూరంగా జరిపింది. అక్క ఆయన వంక చూడలేదు, నా వంక చూసింది. "ఆయనకైతె తెల్వదు. నీకు తెల్వదారా?"

అవి సాగనంపిన పూలని అమ్మ చెప్పేసరికి బావ ముఖం పాలిపోయింది. ఖాళీ పళ్లెం తీసుకుని వీధిలోకి నడిచాడు. పక్కింటి గడపలో నిలబడి, "అమ్మా, తెలియక నేను తప్పు చేశాను. మా ఆవిడకి గుప్పెడు తంగేడు పెట్టండి" అన్నాడు. వీధి వీధంతా నోరు తెరిచింది.

"ఏందమ్మ గీ చోద్యం! కొత్తల్లుడు పూలడుక్కుంటాండు!" అంటూనే ఆ ఇంటావిడ, పేర్చిన తన బతుకమ్మ పై వరుస విప్పి పళ్లెంలో పోసింది. ఆమెను చూసి మరొకరు, ఆ తర్వాత ఇంకొకరు. ఆయన ప్రతి గడపలోనూ "నేను తప్పు చేశాను" అనే అన్నాడు. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. నేను వాకిటి గోడ చాటున నిలబడి అదంతా వింటూనే ఉన్నాను. అక్క బతుకమ్మ ఆ సాయంత్రం పొట్టిదే, కానీ దానిలో వీధిలోని ప్రతి ఇంటి పువ్వూ ఉంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా బావ ఆ సంగతి తవ్వలేదు. "సముద్రం చూపించావు కదోయ్" అని నవ్వేవాడు, అంతే. క్షమించమని అడగడానికి మంచి సమయం కోసం చూస్తూనే నేను ముసలివాణ్ణయ్యాను, ఆయన వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఎవరి తంగేడు వాళ్లు కట్టలుగా కొనుక్కుంటున్నాం. గుప్పెడు పూలకోసం తట్టవలసిన తలుపు లేదు. తట్టి, నా తప్పును తనదిగా చెప్పే మనిషీ లేడు.