టూల్ ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలి?

2022 వేసవి. ఫిల్మ్‌నగర్‌లో కెమెరాలు అద్దెకిచ్చే ఆఫీసుల వెనక సందులో నా వర్క్‌షాప్. అంటే ఒక గది, ఒక బల్ల, దాని మీద మినీ లేత్. తిరిగే కడ్డీకి పదునైన టూల్ ఆనించి చెక్కే యంత్రం అది. సరదాకి కొన్నాను. కెమెరావాళ్ల విరిగిన సామాన్లు బాగుచేస్తూ ఉండగా అదే నా వృత్తి అయింది. ఐటిఐ చదవలేదు. లైబ్రరీలో కూర్చుని చదివిందే నా చదువు, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

ఒక ఉదయం షట్టర్ పూర్తిగా ఎత్తకముందే ఒక అమ్మాయి వంగి లోపలికి వచ్చింది. పేరు స్వప్న, ఇల్లు బోరబండ. ఫోకస్ పుల్లర్‌గా మొదటి సినిమా. నటులు కదిలే కొద్దీ లెన్స్ రింగు తిప్పుతూ బొమ్మ మసకబారకుండా చూడటం ఆమె పని. ఆ రింగును తిప్పే పరికరం, ఫాలో ఫోకస్, కిందపడి లోపలి సన్నని ఇరుసు, అంటే షాఫ్ట్, విరిగింది.

"అన్నా, జర జల్ది. లంచ్ అయ్యేలోపు నేను సెట్‌ల ఉండాలె. లేకుంటే పాత పుల్లర్‌ను పిలుస్తమన్నరు."

"ఇంకోటి అద్దెకు దొరకదా అమ్మా?"

"దొరికితే నీ దగ్గరికెందుకొస్తనన్నా?"

కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలోని కొలత టేపును లాగుతూ, వదులుతూ గదిలో తిరుగుతోంది. ఆ చప్పుడు నన్నూ తొందరపెడుతోంది.

కొత్త షాఫ్ట్ చెక్కడానికి, కడ్డీని పట్టి తిప్పే చక్‌లో ఉక్కు కడ్డీ బిగించాను. టూల్ మొన కడ్డీ నడిమధ్యకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. దాన్నే సెంటర్ హైట్ అంటారు. మొన కిందికుంటే సన్నని కడ్డీ వంగి టూల్ మీదికెక్కుతుంది. పైకుంటే కోయకుండా రాసుకుంటుంది. లేత్ రెండో కొసన ఉండే టెయిల్‌స్టాక్‌లో సెంటర్ అనే మొనదేలిన ముక్క పెట్టి, పుస్తకంలో చదివినట్టే దాని కొనకు టూల్ మొన కలిపాను; ఆ కొన కడ్డీ నడిమధ్య ఎత్తులోనే ఉంటుందని లెక్క. ఎత్తు సరిచేయడానికి టూల్ కింద పెట్టే రేకును షిమ్ అంటారు. నేను కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించి వాడతాను.

కడ్డీ చివర చదును చేస్తే మధ్యలో చిన్న బొడిపె మిగిలింది. ఎత్తు తప్పిందనడానికి గుర్తు అది. మళ్లీ కొనకు పోల్చి చూశాను. సరిగ్గానే ఉంది. తొందరలో ముందుకు వెళ్లాను. కడ్డీ టూల్ మీదికెక్కి వంగిపోయింది.

"పాయెనా?"

"పుస్తకంలో ఇలాగే ఉందమ్మా."

"నాకు లంచ్ దాకనే టైమున్నదని పుస్తకానికి తెల్వది గద!"

ఇంకో కడ్డీ బిగించి మళ్లీ అదే కొనకు మొన కలపబోయాను. టేపు చప్పుడు ఆగింది.

"ఎక్కడికెల్లి కొలుస్తున్నవన్నా?"

"ఈ కొన నుంచి."

"తిరిగేది గీడ గద. గాడికెల్లి కొలుస్తవేంది? మేం టేపు లెన్స్ ముందల పెట్టం. బొమ్మ పడే కాడ కెమెరా మీద గుర్తుంటది, దానికెల్లే కొలుస్తం."

పుస్తకంలో తర్వాతి పేజీలో చదివిన పరీక్ష అప్పుడు గుర్తొచ్చింది. కడ్డీకీ టూల్ మొనకూ మధ్య పలుచని స్టీల్ స్కేలును మెల్లగా నొక్కి పట్టాను. స్కేలు పైకొస నా వైపు వాలింది. మొన కిందికుంది. టెయిల్‌స్టాక్ జరిపి జరిపి అడుగున అరిగిందో, కొన్నప్పుడే అలా ఉందో, దాని కొన కడ్డీ నడిమధ్య కంటే కిందికుంది. ఇంకో షిమ్ పెట్టాను. స్కేలు నిటారుగా నిలబడింది. ఈసారి బొడిపె మిగల్లేదు, కడ్డీ వంగలేదు.

షాఫ్ట్ బిగించగానే స్వప్న రింగు ఒకసారి తిప్పి చూసి, బండి వైపు పరుగెత్తింది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. ఫోను తీయడం, పెట్టడం. చివరికి ఆమే ఫోన్ చేసింది.

"అన్నా, క్లోజప్ ఒకే టేకుల ఓకే! కనురెప్పల ఎంటికలు గూడ లెక్కవెట్టొచ్చు. నన్నే ఉంచుతున్నరు."

మర్నాడు తిరిగే కడ్డీ నడిమధ్య ఎత్తుకు సరిపోయేలా ఒక ఇత్తడి దిమ్మె చేసుకున్నాను. ఇప్పుడు ఏ టూల్ బిగించినా ముందు దాని పక్కన నిలబెట్టి చూస్తాను. పుస్తకాలు చదవడం మానలేదు. కాకపోతే ఏ కొలత కనబడినా, స్వప్న అడిగిన ప్రశ్నే ముందు అడుగుతాను: ఎక్కడికెల్లి?