గార్డు డబ్బా దాటేదాకా

మా రైల్వే కాలనీ గ్రౌండుకి రెండు పక్కల క్వార్టర్లు, ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క పట్టాలు. దసరాకి పందిరి వేసి ఏ ఆర్కెస్ట్రాని పిలిచినా స్టేజీని పట్టాల వైపే కట్టాలి, ఇంకెక్కడా చోటు లేదు మరి. కోర్బా నుంచి బొగ్గు బళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. పాట మాంచి పట్టులో ఉండగా బండి వస్తుంది. అలా రాకపోతే అది బిలాస్‌పూర్ ఎందుకవుతుంది?

కొత్తగా వచ్చిన గాయకులు బెంబేలెత్తిపోయేవారు. వాళ్ళ గొంతు వాళ్ళకే వినపడేది కాదు. వాయించేవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు. అప్పుడు కింద దుప్పట్ల మీద కూర్చున్న మా వాళ్ళు పాటని అందుకునేవారు. పాట మధ్యలో ఆగిపోవడం మా కాలనీలో అపశకునం కిందే లెక్క.

నేను మొదటిసారి ఇది చూసినప్పుడు నాన్న ఒళ్ళో కూర్చునే వయసు నాది. నాన్న రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఎన్నేళ్ళయినా ఆయన మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. బండి చప్పుడు దగ్గరపడుతుంటే నా చెవిలో నోరు పెట్టి చెప్పాడు. "బండి ఎల్లేదాకా పాట మనదిరా. ఎల్లిపోయాక ఆలది. గార్డు డబ్బా దాటేదాకా ఆకరి ముక్క ఒగ్గీకూడదు, లాగాల."

గార్డు డబ్బా అంటే గూడ్సు బండి చిట్టచివరి పెట్టె. దాని వెనక ఒక ఎర్ర దీపం ఉంటుంది. ఆ రాత్రి వందల మంది ఒక్క అక్షరాన్ని పట్టుకుని సాగదీస్తుంటే, స్టేజీ వెనక నల్లటి వ్యాగన్లు నిద్రలో నడిచినట్టు నడిచి వెళ్ళిపోయాయి. చివర ఎర్ర దీపం కనిపించింది. అది దాటగానే జనం ఆగారు, పాట మళ్ళీ స్టేజీ మీదికి వెళ్ళింది. ఇదంతా నిజంగా చూశానా, నాన్న ఒళ్ళో నిద్రపోయి కలగన్నానా అని ఇప్పటికీ అనుమానమే నాకు.

ఆమె వచ్చినప్పుడు నేను రైలింజను నడిపే ఉద్యోగంలో కొత్త. విశాఖపట్నం ఆర్కెస్ట్రాతో వచ్చిన చిన్నపిల్ల. పెద్ద గాయని టీ తాగడానికి దిగితే ఖాళీ పూరించడానికి పెట్టుకున్న పిల్ల అన్నమాట. నీలం చీర, సన్నటి గొంతు. వేటకెళ్ళిన మనిషి కోసం ఒడ్డున దీపం పట్టుకుని నిలబడిన ఇల్లాలి పాట ఎత్తుకుంది. పల్లవి చివర 'రా' అని ఒక పిలుపు ఉంటుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి బొగ్గు బండి వచ్చింది.

ఆ పిల్ల బెదరలేదు. బండిని చూసి నవ్వి, మైకు మా వైపు తిప్పింది. మేము 'రా' అందుకున్నాం. బండి ఎంత పొడుగో పిలుపూ అంత పొడుగు. ఆమె తల వంచుకుని విన్నది. ఎర్ర దీపం దాటాక, మేము వదిలిన చోటే, మా శ్రుతిలోనే అందుకుంది. ఆ రాత్రి ఇంటికి ఎలా నడిచానో గుర్తు లేదు. నేల మీద కాళ్ళున్నాయో లేదో కూడా చెప్పలేను.

తర్వాత ఆమెకి పేరొచ్చింది. నేను రైల్వే పాసు పట్టుకుని ఆమె వెనక తిరిగాను. విశాఖపట్నంలో బీచి గాలికి పాట సగం సముద్రం మీదికి పోయింది. నాగపూర్‌లో ఎక్కడో వెనక బెంచీ దొరికింది, ఆమె చీర రంగు కూడా తెలియలేదు. రాయపూర్‌లో వాన పడి తడిసి ముద్దయ్యాను. ఏ ఊళ్ళోనూ ఆమె ఆ పాట పాడలేదు. జనం కొత్తవి అడిగేవారు. క్యాసెట్‌లో ఉందిగాని, అందులో ఆ 'రా' కుళాయి కట్టేసినట్టు టక్కున ఆగిపోతుంది. నాకు సయించేది కాదు. అందుకని ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ నా పద్ధతిలో నేనే పాడుకునేవాణ్ణి, గార్డు డబ్బా దాటేదాకా లాగి మరీ.

మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేది. తెలుగు మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం తడుముకుంటుంది. పాటలన్నీ హిందీవే.

"నానా, ఈ గానా ఎప్పుడు ఖతమ్ అవుద్ది?"

"గార్డు డబ్బా దాటినాక."

"ఏ గార్డు, ఏ డబ్బా? కిచెన్‌లోనా?"

నవ్వేసి వెళ్ళిపోయేది. ఒక్కత్తే కూతురు, ఆ పాట దాని చెవికెక్కలేదని నాకు లోపల్లోపల బెంగగా ఉండేది. ఎవరితో చెప్పుకుంటాం ఇలాంటివి?

పోయినేడాది దాని అభిమాన బ్యాండు రాయపూర్‌కి వచ్చింది. స్నేహితురాలికి జ్వరం, తోడు ఎవరూ లేరు. నేను వస్తానన్నాను. బదులుగా మా పందిట్లో నా గాయని ఎప్పుడొచ్చినా నువ్వు నా పక్కన కూర్చోవాలని బేరం పెట్టాను. "పక్కా" అంది.

అక్కడ కూర్చోవడమనే మాటే లేదు. అందరూ నిలబడే ఉన్నారు. స్టేజీ మీద పొగ, కళ్ళల్లో పొడిచే లైట్లు, కడుపులో దబదబ కొట్టే డ్రమ్ములు. ఇంజన్లో బతికినవాణ్ణి, నాకే చెవులు దిబ్బడేశాయి. ఇదేం సంగీతంరా నాయనా అని విసుక్కుంటూ పక్కకి తిరిగి చూశాను. మా అమ్మాయి కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, పాటంతా తనే పాడేస్తోంది. నేనూ అచ్చం అలాగే నిలబడతానట, మా ఆవిడ ఎప్పుడూ వెక్కిరించేది. నా విసుగంతా ఎటో పోయింది. ఆ పొగలో, ఆ రంగుల్లో, నా పాతికేళ్ళ వయసు నా పక్కనే నిలబడి ఊగుతున్నట్టనిపించింది.

ఈ ఏడు దసరాకి ఆమె వస్తోందని తెలిసింది. పందిరి పనులు చూసే మా స్నేహితుడు ఫోన్లో ఆ పాత పాట పాడమని అడిగితే, గుర్తుంది, తప్పకుండా పాడతానందట. నాకు కావలసింది ఒక్కటే. మా దుప్పటి మీద మా అమ్మాయి పక్కన కూర్చుని, ఆమె గొంతులో ఆ 'రా' వినాలి. అది విన్నాక నా కూతురు ఏ పాటలు వింటే నాకేం?

ఇక్కడే బుద్ధి గడ్డి తిన్నది. ఆ రోజుకి సెలవు పెట్టుకున్నవాణ్ణి ముందురోజుకీ పెట్టేసి ఇంట్లో పడి ఉండొచ్చు కదా! పెట్టలేదు, కోర్బాకి ఖాళీ బండి తీసుకెళ్ళే డ్యూటీ తగిలింది. తీసుకెళ్ళి, అక్కడ రన్నింగు రూములో పడుకుని, పొద్దున్నే లోడు పట్టుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానని లెక్క వేశాను. మా ఆవిడ డబ్బాలో చపాతీలు సర్దుతూ నా మొహంలోకి చూసింది.

"ఏటండీ, గూడ్సు బండిని నమ్ముకుని పోగ్రాం ఎట్టుకున్నారేటి? ఎన్నాళ్ళ సర్వీసు మీది?"

"లోడు రడీగా ఉందంట. దారి కూడా కాళీయే."

"అచ్ఛా. దుప్పటి నేనే ఏస్తాన్లెండి."

గూడ్సు బండికి టైము ఉంటుందని నమ్మే లోకో పైలట్ లోకంలో ఉండడు. ఆ ఒక్కరోజు నేను నమ్మాను.

పొద్దున్న రావలసిన లోడు ఎండెక్కాక వచ్చింది. గతౌరా స్టేషను దాకా బాగానే లాక్కొచ్చాను. అక్కడ పక్క లైన్లో పెట్టి నిలబెట్టేశారు. ఇంటికి కూతవేటు దూరం. డ్యూటీలో ఫోను కట్టేసి ఉంచాలి కాబట్టి ఇంటికి చెప్పే వీలూ లేదు. ఒకదాని తర్వాత ఒకటి ప్యాసింజర్లు, ఎక్స్‌ప్రెస్‌లు మమ్మల్ని దాటిపోతున్నాయి. నా అసిస్టెంటు ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. జామకాయ కోసి ఉప్పద్ది నా చేతిలో పెట్టాడు. పట్టాల పక్కన రెల్లు తెల్లగా పూసి, బండి దాటినప్పుడల్లా పడుకుని లేస్తోంది. నీరెండ దాని మీద పడి కాస్త ఎర్రబడింది, తర్వాత అదీ పోయింది. సిగ్నల్ మాత్రం ఎరుపు వదల్లేదు.

దీపాలు పెట్టే వేళ దాటాక కదిలాం. ఊరి పొలిమేరలోకి వచ్చేసరికి మళ్ళీ ఎరుపు. బ్రేకు వేశాను. బండి బరువంతా మూలుగుతూ ఆగింది. కిటికీలోంచి చూస్తే ముళ్ళకంచె అవతల మా గ్రౌండు, స్టేజీ వెనక తెర!

తెర మీద వాయించేవాళ్ళ నీడలు కదులుతున్నాయి. రంగు బల్బుల వెలుగు మా ఇంజను మెట్ల మీద దాకా పడుతోంది. లోపల ఇంజన్ని చల్లబరిచే బ్లోయర్లు హోరుమంటున్నాయి. సిగ్నల్ మీంచి కళ్ళు తిప్పకుండా తల మాత్రం కిటికీ బయట పెట్టాను. ఆమె గొంతు గాలిలో ముక్కలు ముక్కలుగా వస్తోంది. వయసొచ్చి కాస్త బొంగురుపోయింది, ఇంకా బాగుంది. ఏదో పాట అయిపోయింది. చప్పట్లు. ఏవో రెండు మాటలు చెప్పింది. వేణువు మొదలైంది.

అదే పాట.

ఒడ్డున దీపం పట్టుకున్న ఆ ఇల్లాలు ఇన్నేళ్ళూ ఆ తెర వెనకే నిలబడి ఉన్నట్టుంది. బొగ్గు వాసన, తడి గడ్డి వాసన, ఆ గొంతు. నేను ఉన్నది ఇంజన్లోనా, నాన్న ఒళ్ళోనా తెలియలేదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఎర్ర సిగ్నల్‌ని ఎర్రగానే ఉండమని వేడుకున్నాను. పల్లవి తిరిగి చివరికొస్తోంది.

"హోమ్ సిగ్నల్, పీలా!" అన్నాడు అసిస్టెంటు. పసుపు పడింది.

సిగ్నల్ రంగు ఒకరు గట్టిగా చెప్పాలి, రెండోవాళ్ళు గట్టిగా అనాలి. అది మా పద్ధతి. "హోమ్ సిగ్నల్, పీలా" అన్నాను. నా గొంతు మీద నాకే చిరాకేసింది. కదిలే ముందు హారన్ కొట్టాలి. కొట్టాను. ఆమె 'రా' అనబోయే చోట, మైకులన్నిటికీ మించి, నా చేత్తో నేనే కొట్టాను. ఆ తర్వాత ఇంజను చప్పుడులో ఇంకేమీ వినపడలేదు. బండి అంగుళం అంగుళం కదిలింది. గ్రౌండు దాటేదాకా సిగ్నల్‌నీ, రైల్వేనీ, నన్నూ కలిపి తిట్టుకున్నాను. ఏడుపొచ్చింది కూడా, దాచడమెందుకు?

ఇంటికి చేరేసరికి తల్లీకూతుళ్ళు నా కోసం అన్నం తినకుండా కూర్చున్నారు. నేను బూట్లు విప్పుతూ, "నా పాట నేనే పాడు చేసీనాను" అన్నాను.

"మాకు తెల్దేటి?" అంది మా ఆవిడ. "మీరు హారన్ ఆపీటప్పుడు ఇంకో చిన్న ముక్క ఇడుస్తారు కదా. ఇన్నాళ్ళు కాపరం చేసి అది పోల్చుకోలేనా? ఇదిగో, ఇది ఇనండి ముందు."

ఫోను నా చేతిలో పెట్టింది. వీడియోలో మా ఆవిడ మోకాలు, చీర అంచు, దూరంగా స్టేజీ. పాట సాగుతోంది. నా హారన్, చివర ఇంకో చిన్న ముక్క. గాయని గొంతు ఆగిపోయింది. ముందు వరసల్లో పాతవాళ్ళు కొందరు 'రా' అందుకున్నారు, కానీ బండి భారీ లోడు, నత్తనడక. కాసేపటికి వాళ్ళ గొంతులు ఒక్కొక్కటే రాలిపోయాయి. కుర్రకారు ఫోన్లు పైకెత్తి ఊరికే చూస్తున్నారు. వ్యాగన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంతలో మా ఆవిడ మాట వినపడింది. "మీ నానే, ఆ బండి."

ఫోనుకి పక్కనే ఒక గొంతు లేచింది. "రా..." ఒక్క గొంతే. శ్రుతి అటూ ఇటూ పోతోంది. ఊపిరి అందక ఆగి, గుక్క తిప్పుకుని, మళ్ళీ "రా..." క్యాసెట్‌లో ఉన్నట్టు కాదు, నేను ఉల్లిపాయలు తరుగుతూ లాగినట్టు. ముందు వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఎవరో ముసలాయన కలిశాడు, తర్వాత ఇంకొందరు. స్టేజీ మీద ఆమె తల వంచుకుని వింటోంది. తెర పక్కనుంచి ఎర్ర దీపం జారిపోయింది. వాళ్ళు వదిలిన చోటే ఆమె అందుకుంది.

మా అమ్మాయి మొహం కందగడ్డలా చేసుకుని ఫోను లాక్కోబోయింది. "సుర్ మొత్తం ఖరాబ్ అయిపోయింది. డిలీట్ చెయ్యవే మమ్మీ!"

నేను ఇవ్వలేదు. "గార్డు డబ్బా దాటేదాకా ఆపలేదా?" అన్నాను.

"ఎలా ఆపుతాను? లోపల నువ్వున్నావు కదా" అంది.

అన్నం చల్లారిపోతోందని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. నేను కళ్ళు తుడుచుకుని, ఇంకొక్కసారి పెట్టమన్నాను.