చార్లెస్ మాస్టారి ఆఖరి మెట్టు

నూజివీడు కాలేజీలో చార్లెస్ మాస్టారు ఏటా బోర్డు మీద కథానాయకుడి ప్రయాణాన్ని మెట్లుగా గీస్తారు: పిలుపు, వెనకడుగు, పోరాటం, బహుమతితో ఇంటికి రావడం. ఆయన మాత్రం రెండో మెట్టు దాటలేదు. ఊరు వదలాల్సి వస్తుందని ప్రిన్సిపాల్ పదవిని రెండుసార్లు వద్దన్నారు. మూడోది ఆఖరి అవకాశం. చేరాల్సిన గడువు రోజున భార్య రిబ్కమ్మ సంచినిండా చిన్నరసాల మామిడిపళ్లు పెట్టి సాగనంపింది. హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి మాస్టారు ఒక పండు అందుకున్నారు. రసం జుర్రడానికి రెండు చేతులూ కావాలి. వచ్చిన బస్సును ఆపడానికి చెయ్యి ఖాళీ లేదు. తర్వాతి బస్సుకీ అంతే.

సాయంత్రం ఇంటికొచ్చారు.

"చేరారా అండీ?"

"ఆఖరి మెట్టుకి చేరాను."

రిబ్కమ్మ సంచి తెరిచింది. "మరి బహుమతేదీ? అన్నీ టెంకలే!"

"నాటుకుందాం రిబ్కా, ఇక ఊళ్లోనే ఉంటాంగా."