మా ఇంట్లోకి ఎగిరొచ్చిన తాబేలు

ఆ కాలంలో ఖానాపూర్‌లోని మా ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా నేరుగా లోపలికి వచ్చిన పాపాన పోలేదు. ముందు వాకిట్లో నిలబడి మా బాపమ్మ చూపులు భరించాలి. ప్రెషర్ కుక్కర్ అలాగే నిలబడింది, మిక్సీ నిలబడింది, బాపు మోజుపడి కొన్న కలర్ టీవీ అయితే (చెక్క పెట్టె, ముందు పక్కకు జరిపే తలుపులు, వాటికి తాళం) ఒక పూటంతా అరుగు మీదే ఉండిపోయింది. బాపమ్మ అంటే మా బాపుకు, అంటే నాన్నకు, తల్లి. మనిషి బక్కగా ఉండేది, కళ్ళకు మాత్రం ఏ జబ్బూ లేదు. ఆమె అనుమానం నాకూ కొంత వచ్చింది. ఇప్పుడు మా పాప తుమ్మితే ఎందుకు తుమ్మిందని, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని లేచి కూర్చునే తల్లినయ్యాను. (ఇది రాస్తుండగా కూడా ఓసారి వెళ్ళి చూసి వచ్చాను. హాయిగా నిద్రపోతోంది. అంత హాయిగా ఎందుకు నిద్రపోతోందో రేపు డాక్టరును అడగాలి.)

ఆ యేడు నేను నిర్మల్‌లో బి.ఎస్సీ. ముగించి ఇంట్లో ఉన్నాను. కరీంనగర్‌లో బి.ఇడి. సీటొచ్చింది. వచ్చే సోమవారం లోపల వెళ్ళి చేరకపోతే ఆ సీటు ఇంకెవరికో పోతుంది. హాస్టల్లో ఉండాలి. బాపు సరేనన్నాడు, అవ్వ, అంటే మా అమ్మ, ఏమీ అనలేదు, బాపమ్మ "సూద్దాం తియ్" అంది. మా ఇంట్లో బాపమ్మ సరే అనని ప్రయాణం బస్సెక్కిన దాఖలా లేదు కాబట్టి, నేను ట్రంకుపెట్టె దులిపి, బట్టలు సర్ది, మళ్ళీ తీసి, మళ్ళీ సర్దుతూ ఆమె నోటి వైపు చూస్తూ ఉన్నాను. సరిగ్గా అప్పుడు దుబాయి మామ దిగాడు.

దుబాయి మామ మా అవ్వకు చిన్న తమ్ముడు, నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. సొంతూరు ధర్మపురి దగ్గర. దుబాయిలో ఏసీలు బాగుచేసే పని. సెలవు మీద వచ్చి, తన ఊళ్ళో రెండు పూటలైనా నిలవకుండా అక్క ఇంటికి వచ్చేశాడు. అవ్వకు చీర, బాపుకు పెద్ద టార్చిలైటు, బాపమ్మకు కాళ్ళనొప్పుల మందు, నాకు సెంటుసీసా పంచాడు. చివరికి సూట్‌కేసు అడుగు నుంచి తువ్వాలలో చుట్టిన నల్లటి పెట్టె ఒకటి బయటికి తీశాడు. అది ఎవరికీ కాదు, తనకే. వీడియో గేమ్. రెండు క్యాసెట్లు, తీగల చివర రెండు రిమోట్లు.

మొదటి క్యాసెట్‌తో ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఉడుతో ముంగిసో తెలియని ఓ పొట్టి జంతువు అడవిలో పరుగెత్తుతుంది, గుంటలు దూకుతుంది, ఇనుప పురుగుల మీద పడి వాటిని పేల్చేస్తుంది. బాపమ్మ చాటలో పల్లీలు ఒలుస్తూ, "గింత పొడుగు మనిషివి, గీ ఉడుత ఎన్క ఎందుకురా ఉరుకుతున్నవ్ అల్లుడా" అని ఊరుకుంది. గొడవంతా రెండో క్యాసెట్‌తో వచ్చింది. అది మొదటి ఆటకు తరువాయి భాగమట. అందులో ఆ జంతువు చిన్న విమానం రెక్కమీద నిలబడి మబ్బుల్లో పోతూ ఉంటుంది. ఎదురుగా కుడివైపు నుంచి తాబేలు వచ్చింది. ఇనుప తాబేలు. గాల్లో, తోక కింద మంటతో, ఏ తొందరా లేకుండా వచ్చింది. దాని వీపు మీద ఇంకో చిన్న తాబేలు నిలబడి మామ మీద గుండ్లు పేల్చింది.

బాపమ్మ చేతిలో పల్లికాయ ఆగిపోయింది. "గదేంది?"

"తాబేలు అత్తా," అన్నాడు మామ, తల తిప్పకుండా.

"ఇంట్లకు తాబేలును తెచ్చినవా?"

ఇంట్లోకి తాబేలు వస్తే ఆ ఇల్లు చెడుతుందని మా వైపు గట్టి నమ్మకం. కాలవ పొంగి వాకిట్లోకి తాబేలు వస్తే పసుపు నీళ్ళు చల్లి, దాన్ని సాగనంపి, అప్పుడు గాని పొయ్యి వెలిగించరు. కానీ టీవీలోకి వచ్చిన తాబేలు సంగతి ఎవరికీ తెలియదు, ఎందుకంటే అంతకు ముందు ఖానాపూర్‌లో ఎవరి ఇంటికీ అలాంటిది వచ్చి ఉండదు. బాపమ్మ లేచి టీవీ తలుపులు జరిపి తాళం వేసింది. లోపల ఆట సాగుతూనే ఉంది, గుండ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె తాళంచెవి కొంగుకు ముడేసుకుని నా వైపు తిరిగి, "తాబేలు ఇంట్ల ఉండంగ ఆడివిల్లను గడప ఎట్ల దాటిస్తరు? గది పోయినంకనే నీ కరీంనగర్" అంది.

రాత్రి భోజనాల దగ్గర బాపు నా తరఫున వాదించబోయాడు. "అమ్మా, తాబేలు దేవుని అవతారమే గదనే, అరిష్టం ఎట్లయితది?"

"వరాహం సుత అవతారమే. పందిని తెచ్చి నీ మంచానికి కట్టేయనా?"

బాపు పప్పు కలుపుకున్నాడు. నేనందుకున్నాను. అది ప్రాణమున్న తాబేలు కాదు, యంత్రం. పైగా గడప తొక్కి రాలేదు, సూట్‌కేసులో వచ్చింది. అదీ కాక ఎగురుతోంది, కాలు నేలకు ఆననిది ఇంట్లోకి వచ్చినట్టెలా అవుతుంది? బి.ఎస్సీ. చదివిన తెలివంతా ఒలకబోశాను. బాపమ్మ అంతా విని, "నడిసే తాబేలయితే చీపురుతోని నూకుతం. ఎగిరేదాన్ని దేనితోని నూకాలె?" అంది. మామ నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు వాడి మీద కూడా అనుమానం వచ్చింది. (మామను మనసులో వాడు అనుకున్నందుకు లెంపలేసుకున్నాను. అప్పట్లో మనసులో జరిగేవాటికి కూడా లెంపలేసుకునే అలవాటుండేది.) నా చదువు ఆగితే ఇతనికేం లాభం? అవ్వేమో తమ్ముడికి అడగకుండానే రెండో గుడ్డు వేసింది. ఈమె కూడా వాళ్ళతో కలిసిందా? ఇంట్లో అందరూ ఏదో ఒకటి దాస్తున్నట్టే ఉంది, ఏమిటో నాకు మాత్రం చెప్పడం లేదు.

బాగా ఆలోచించి నేనొక ఉపాయం కనిపెట్టాను. బాపమ్మ కళ్ళముందే ఆ తాబేలును చంపేస్తే పీడ పోతుంది. కానీ మామ చంపితే లెక్కలోకి రాదు, తెచ్చినవాడే తీసేశాడంటుంది. నేనే చంపాలి. పొద్దున్నే వెళ్ళి, "మామా, నాకు నేర్పు" అన్నాను. ఆయన ఒక క్షణం నన్ను అదోలా చూసి, చాప మీద పక్కకు జరిగాడు. "కూసో కోడలా. ఫికర్ చెయ్యకు, నేర్పుత." బాపమ్మ తాళం తీసిచ్చింది గాని, పీట తెచ్చుకుని మా వెనకే కూర్చుంది.

అప్పటి నుంచి నాకదే పని. అన్నం, ఆట, కరెంటు పోతే తిట్టుకోవడం. నా చేతి కింద ఆ ఉడుత పడరాని పాట్లు పడింది. ఎగరమంటే కూర్చుంది, కూర్చోమంటే మబ్బుల్లోంచి కిందికి దూకి చచ్చింది. మామ ఓపిగ్గా చెప్పేవాడు. "పెద్దదాన్ని ఏం అనకు కోడలా. గది ఊకె మోస్తది, గంతే. కాల్చేది పైనున్న చిన్నది. గది వంగినప్పుడు ఆగు, లేసినప్పుడు దుంకు." వెనక నుంచి బాపమ్మ, "కిందిదానికి మోసుడు, పైదానికి కాల్చుడు. మా అత్తగారింట్ల గిట్లనే ఉండె" అంది. నేను తప్పు మీట నొక్కినప్పుడల్లా మామ చెయ్యి చాపి సరైనది చూపించేవాడు, అప్పుడల్లా వెనకనుంచి పీట కిర్రుమనేది. తాబేలు దగ్గరికి రాగానే ఆమెకు భయమేస్తోంది కాబోలనుకున్నాను.

ఎదురింటి పెద్దమ్మ పాలలోకి తోడు కావాలని వచ్చి, గడపలో నిలబడి మా ఇద్దరినీ చాలాసేపు చూసింది. "ఏం చెల్లే, ఈసారి పసుపు బజారుకు పంపుతున్నరా, ఇంట్లకే ఉంచుకుంటున్నరా?" అని అవ్వను అడిగింది. అవ్వ సిగ్గుపడుతూ నవ్వింది. మా చేలో పండిన పసుపు అమ్మే సంగతి అడిగితే సిగ్గెందుకో అనుకుంటూ నేను చిన్న తాబేలు మీదికి దూకాను, గురి తప్పింది. ఆ సాయంత్రం బాపమ్మ మామను, "నీ సెలవు ఎన్నొద్దులున్నది పిలగా?" అని అడిగింది. మామ తెర వైపు చూస్తూ, "ఇంకా ఉన్నది అత్తా" అన్నాడు. అంతవరకు అల్లుడా అని పిలిచే మనిషి పిలగా అనడం వినిపించిందే గాని, ఎందుకో ఆలోచించలేదు. అప్పటికి చిన్న తాబేలు వంగి లేచే తీరు నాకు కాస్త అంతుబట్టింది, నా బుద్ధంతా అక్కడే ఉంది.

ఆదివారం వచ్చింది. మర్నాటికి కరీంనగర్‌లో ఉండాలి. నేను తలంటుకుని, దేవుడికి దండం పెట్టుకుని (తాబేలును చంపడానికి కూర్మమూర్తిని సాయమడగాలా వద్దా అని సందేహం వచ్చి, నరసింహస్వామితో సరిపెట్టుకుని) ఇంటిల్లిపాదిని పిలిచి కూర్చోబెట్టాను. మొదటి తాబేలు వచ్చింది. పైనున్నది లేచింది, దూకాను, పేలింది. బరువు దిగిన పెద్ద తాబేలు ఎవరినీ ఏమీ అనకుండా ఎడమవైపుకు వెళ్ళిపోయింది. బాపు చప్పట్లు కొట్టాడు. వెంటనే ఇంకో తాబేలు వచ్చింది, దాన్నీ కొట్టాను. ఇంకోటి.

"ఒకటి పోతే ఒకటి అస్తనే ఉన్నది, వీటికి అక్కడేమన్న చెరువున్నదా?" అంది బాపమ్మ.

చేతులు చెమటలు పట్టి జారిపోతుండగా చివరిది కూడా పోయింది, మబ్బులు అయిపోయాయి, ఇంకో రంగం మొదలైంది. నేను రిమోట్ కింద పెట్టి, ఎం.ఎల్.ఏ.గా గెలిచినదానిలా వెనక్కి తిరిగాను. "అయిపోయింది బాపమ్మా. అన్నీ పోయినయి."

"మంచిది. గిప్పుడు గది బందు పెట్టి మల్ల షురూ చేస్తే?"

నేను మామ వైపు చూశాను. మామ నేల వైపు చూశాడు. "మల్ల మొదటికెల్లి వస్తది అత్తా," అన్నాడు.

"తాబేలు సుత?"

"తాబేలు సుత."

"అంటే సావలేదన్నట్టే గదా." బాపమ్మ లేచి పీట గోడకు ఆనించింది. "కొట్టినా సావనిదాన్ని ఇంట్ల పెట్టుకోవద్దు. ఎవరు తెచ్చిన్రో వాళ్ళే తీసుకపోవాలె. సాయంత్రం బస్సున్నది."

మామ ఏదో అనబోయి, బావ మొహం చూసి, అక్క మొహం చూసి, చివరికి తీగలు చుట్టడం మొదలుపెట్టాడు. తువ్వాలలో పెట్టెను చుట్టి సూట్‌కేసులో పెడుతుంటే అవ్వ వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద కోపం చూపించింది. మామ వెళ్తూ నాతో, "మంచిగ చదువుకో కోడలా. నీకు చెయ్యి కుదిరింది" అన్నాడు. నేను సంతోషంగా తలూపాను. తాబేలు వెళ్ళిపోతోంది కదా. బస్సు మలుపు తిరిగేవరకు చెయ్యూపి, ఇంటికొచ్చి ట్రంకుపెట్టెకు తాళం వేశాను.

మర్నాడు పొద్దున నన్ను బస్సెక్కించడానికి బాపమ్మ కూడా బస్టాండుకు వచ్చింది. ఆమె ఎవర్నీ సాగనంపడానికి అంతదూరం నడవడం నేనెప్పుడూ చూడలేదు. బాపు కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టడానికి వెళ్ళాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "తాబేలు పోయింది గదా, ఇగ భయపడకు" అన్నాను.

"తాబేలుకు నేనెందుకు భయపడుతనే?" అంది బాపమ్మ. "గోదారిల బట్టలు పిండేటప్పుడు నా కాళ్ళ మీదికెల్లే పోతుండె అవి."

"మరి ఇంత లొల్లి ఎందుకు చేసినవ్?"

"నీ కండ్లు ఏడ వెట్టుకున్నవే? పిలగాడు సొంతూరు ఇడిసి గీడికెందుకు వచ్చిండు? సెలవు సంగతి అడిగితే చెప్పడాయె. మీ అవ్వ గుడ్ల మీద గుడ్లు ఏస్తనే ఉండె. నువ్వేమో పొద్దంత వాని పక్కకే కూసోని రిమోట్ పట్టుకుంటివి. ఎదురింటామె పసుపు సంగతి ఎందుకు అడిగిందనుకున్నవ్, కూరలెయ్యనీకా? ఇంకో నాలుగొద్దులు ఆగితే లగ్గం పెట్టుకుందుమని వాళ్ళే నోరు తెరుద్దురు. నోరు తెరిచినంక కాదంటే మీ అవ్వ పుట్టింటికి మనకు చెడ్తది. అందుకని వాళ్ళు అడగకముందుకే తాబేలును ఎల్లగొట్టిన."

మా వైపు మేనమామకు మేనకోడల్నివ్వడం కొత్తేమీ కాదు. మా అవ్వ మేనత్త ఇంట్లో అలా జరిగింది, మా పక్కింట్లో జరిగింది. ఊరందరికీ తట్టిన సంగతి నాకొక్కదానికే తట్టలేదు. తాబేలును ఇంట్లోంచి పంపాలని నేను ఎంత కష్టపడి మామ పక్కన కూర్చున్నానో, పెళ్ళి అంత దగ్గరికి వచ్చిందన్నమాట. ఇంతలో బస్సులోంచి బాపు పిలిచాడు. బాపమ్మ నన్ను ముందుకు నెట్టి, "ఎక్కు. కిటికి పక్కకు కూసోకు, గాలి కొడ్తది" అంది.

బి.ఇడి. అయింది, బడిలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పాప పుట్టింది. మామ తర్వాత మెట్‌పల్లి పిల్లను చేసుకున్నాడు. దుబాయి మానేసి జగిత్యాలలో ఏసీలు, కూలర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. అత్తయ్య చాలా మంచిది, కనిపించినప్పుడల్లా పాపకు గాజులు తొడుగుతుంది. నేను బాపమ్మకు ఎంత రుణపడ్డానో నాకు తెలుసు. అయినా పాపను జోకొడుతూ కూర్చున్నప్పుడు ఒక్కోసారి ఒక అనుమానం వస్తుంది (మా ఇంటి ఆడవాళ్ళకు అది రాకుండా ఉండదు). ఆ పెళ్ళి విషయంలో మామ మనసులో ఏముందని ఎవరూ ఆయన్ని అడగలేదు. నన్నూ అడగలేదు. ఆయన నిజంగా ఆ ఆలోచనతోనే వచ్చాడో, ఆట పిచ్చితో పెద్ద టీవీ ఉన్న ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడో తేల్చుకోవాలంటే ఆ చాప మీద కూర్చున్నప్పుడు ఒక్కసారి పక్కకు తిరిగి ఆయన మొహం చూసి ఉంటే సరిపోయేది. అన్ని రోజులు భుజం దూరంలో కూర్చున్నాను. ఆయన తెరవైపే చూశాడో, ఇంకెటైనా చూశాడో నాకు తెలియదు. బి.ఎస్సీ. చదివిన ఆ పిల్ల రెప్ప వేయకుండా తాబేలును చూస్తూ కూర్చుంది.