మంగమ్మగారిని నేను చూసుకున్న వేసవి

నా తెలివితక్కువతనం మీద నాకెప్పుడూ అనుమానం లేదు. ఏలూరులో నా ఏడేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో నన్ను చూసుకోడానికి అమ్మ కొల్లేటి లంక నుంచి మంగమ్మగారిని కుదిర్చింది. ఆఫీసుకెళ్తూ నాతో మాత్రం, “ఆవిడకి ఊరు కొత్తరా, నువ్వే చూసుకోవాలి” అంది.

నమ్మేశాను. ఆవిడ తప్పిపోకుండా, ఆటలు మానేసి గుమ్మంలో కాపలా కూర్చున్నాను. “కొట్టుకెళ్లి రానా బాబుగారూ?” అని ఆవిడ అడిగితే, “ఎండ తగ్గనివ్వండి” అనేవాణ్ణి. చల్లటి ముంజె ఒలిచి నోటికందిస్తే, “ముందు మీరు తినండి” అని గద్దించేవాణ్ణి.

బడి తెరిచే ముందు, “బాబుగారు నన్ను బాగా చూసుకున్నారండీ” అని ఆవిడ అమ్మతో చెప్పి, ఇద్దరూ పడీ పడీ నవ్వాకగానీ నాకు వెలగలేదు.

ఈ వేసవికి మావాణ్ణి చూసుకోడానికి అమ్మే వచ్చింది. నాయనమ్మని నువ్వే చూసుకోవాలని వాడి చెవిలో ఊదాను. మధ్యాహ్నానికల్లా అమ్మ నా ఆఫీసుకి ఫోన్ చేసింది.

“వీడు నన్ను పక్కింటికి కూడా వెళ్లనివ్వట్లేదురా!”

“వాడి మాట వినమ్మా” అన్నాను, చాలా గంభీరంగా.