ప్లగ్గు పీకినా చల్లారని డబ్బా

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాసిన తర్వాత కూడా ఉండదు. జగిత్యాల దగ్గర ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా పనిచేస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత వేడెక్కిందో గంటకోసారి చూసి రిజిస్టర్‌లో రాయడం నా డ్యూటీలో భాగం. తోటివాళ్లు గజ్జెల చప్పుడు విన్నామనీ తెల్లచీర చూశామనీ చెబితే నవ్వి ఊరుకుంటాను. వేడి సంగతి నాకు తెలుసు. కరెంటు పారితే వైరు వేడెక్కుతుంది, ఆగితే చల్లారుతుంది. నాలుగేళ్ల కింద మా కోరుట్ల ఇంట్లో జరిగింది మాత్రం ఈ లెక్కకు అందలేదు. ఇంట్లోవాళ్లకు తప్ప ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ముందు మా కంప్యూటర్ గురించి చెప్పాలి.

నాన్న మాకు ఊహ తెలియకముందే పోయాడు. ఇంట్లో అమ్మ, అన్న శ్రీకాంత్, నేను. అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. నేను పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ఇద్దరం జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర సందులో ఉన్న చిన్న షాపులో కంప్యూటర్ కట్టించాం. అన్నీ కొత్తవే గానీ తెరమీద ఆటల బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు మాత్రం పాతది. మూతపడిన నెట్ సెంటర్ నుంచి వచ్చిందట. ఆటలకు బాగానే ఉంటుంది గానీ కొంచెం వేడెక్కుతుందని షాపాయన ముందే చెప్పాడు. మాకు మొదటి సగమే వినబడింది.

కోరుట్ల దాకా బస్సులో ఆ డబ్బాను అన్న ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సీపీయూ అనీ క్యాబినెట్ అనీ మేం ఎంత చెప్పినా అమ్మ దాన్ని డబ్బా అనే పిలిచింది. మాకూ అదే అలవాటైంది.

అన్నకు లారీల ఆట పిచ్చి. సరుకు నింపుకుని ఎక్కడో చలిదేశంలో వందల కిలోమీటర్లు నడపడం, అంతే ఆ ఆట. బయట మే నెల ఎండ, తెరమీద మంచు. అర్ధగంట ఆడగానే తెరమీద రంగు గీతలు పడేవి, తర్వాత బొమ్మ ఆగేది, తర్వాత అంతా నలుపు. కార్డు తొంభై డిగ్రీలు దాటితే దానంతటదే ఆగిపోతుందని తర్వాత తెలుసుకున్నాం. డబ్బాకు పక్క రేకు ఊడదీసి, రెండు ఇటుకల మీద టేబుల్ ఫ్యాన్ పెట్టి, గాలి నేరుగా కార్డుకు తగిలేలా తిప్పేవాళ్లం. మనుషులకు దిక్కులేని ఫ్యాను దానికి కావాల్సి వచ్చిందని అమ్మ గొణిగేది. ఫ్యాన్ అటుంటే మాకు చెమటలు కారేవి. అయినా లేచేవాళ్లం కాదు.

ఒక ఎండకాలం సెలవులకు సిరిసిల్లలో చిన్నమ్మ వాళ్లింటికి డబ్బాను కూడా తీసుకుపోయాం. వాళ్లింటి వెనక రేకుల షెడ్డులో సాంచాలు నడిచేవి. ఆ మరమగ్గాల చప్పుడులో ఆట సౌండు వినబడేదే కాదు. పదిహేను రోజుల్లో కార్డు లోపలంతా పత్తి నూగు పట్టి, చిన్న పరుపులా తయారైంది. అన్న కార్డు విప్పి, గోడలకు సున్నం వేసే బ్రష్షుతో మెల్లగా దులిపాడు. అది చూడటానికి పక్కింటి పిల్లలంతా చుట్టూ చేరారు. ఆ పక్కింటి కిటికీలోంచి చూసి నవ్విన సుజాత రెండేళ్ల తర్వాత నాకు వదిన అయింది. ఆ కార్డు వేడెక్కకపోతే తనకు పెళ్లే కాకపోవునని అన్న ఇప్పటికీ అంటాడు.

పెళ్లయిన ఏడాదికి అన్న మస్కట్ పోయాడు. గోదాములో సామాన్లు దించే పని. వదిన కాన్పుకని సిరిసిల్ల పోయి, అన్న వచ్చేదాకా అక్కడే ఉండిపోయింది. నాకు ఉద్యోగం వచ్చింది. ఆటలు తగ్గాయి. అన్న ఫోన్ చేస్తే అమ్మ బాగోగులు అడిగాక తప్పకుండా ఇంకో ప్రశ్న వేసేవాడు: కార్డు ఎన్ని డిగ్రీలు చూపిస్తోంది? తన లారీని ఎక్కడిదాకా నడిపావని కూడా అడిగేవాడు. ఆ ఆట అన్న పేరు మీదే ఉంది. నేను మార్చలేదు.

ఆ రోజు మే నెలలో ఒక గురువారం. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుని, మధ్యాహ్నం రెండింటికి లేచాను. అమ్మ ముందు గదిలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎందుకో అన్న గుర్తొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అన్న లారీని తీసుకుని అరగంట నడిపానేమో. రెండూ యాభైకి తెర నల్లబడింది. టైము ఎందుకు గుర్తుందంటే, తర్వాత ఆ టైము గురించి చాలాసార్లు ఆలోచించాల్సి వచ్చింది.

అలవాటు ప్రకారం స్విచ్ బంద్ చేసి ప్లగ్గు పీకేశాను. పక్క రేకు తీసి టేబుల్ ఫ్యాన్ తిప్పాను. మామూలుగా పది నిమిషాల్లో చేత్తో పట్టుకునేంత చల్లబడుతుంది. పావుగంటకు చెయ్యి పెట్టి చూశాను. చుర్రుమంది. కిటికీలోంచి ఎండ పడుతోందేమోనని కిటికీ మూశాను. ఇంకో పావుగంట గడిచింది. మొదటికన్నా ఎక్కువ కాలుతోంది. పక్కనే ఉన్న మిగతా భాగాలన్నీ చల్లగా ఉన్నాయి. ఆ ఒక్క కార్డే. ప్లగ్గు నా కాళ్ల దగ్గర నేలమీద పడి ఉంది. నాకు భయం వేయలేదు, చిరాకేసింది. నేను చేసేదే ఆ పని. కరెంటు లేని వస్తువు ఎలా వేడెక్కుతుంది?

టీ పెట్టాలా అని అడగడానికి అమ్మ లోపలికి వచ్చింది. నేను అలా కూర్చుని ఉండటం చూసి వంగి, కార్డు మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి వెంటనే తీయలేదు.

“జరమొచ్చినోని లెక్క కాలుతున్నదేందిరా ఇది?” అంది.

పదేళ్లుగా డబ్బాను తిట్టిపోసిన అమ్మ ఆ రోజు నేనేమీ అడగకుండానే పోయి, తువ్వాలను బకెట్లో ముంచి తెచ్చి, ఫ్యాన్‌కు ముందు దండెం మీద కట్టింది. సరిగా పిండలేదు. నీళ్లు బొట్లుబొట్లుగా డబ్బా అంచు మీద పడుతున్నాయి.

“పిండి కట్టు అమ్మా, నీళ్లు డబ్బా మీద పడ్తున్నయి” అన్నాను. అమ్మ తువ్వాలను దించి పిండి మళ్లీ కట్టింది. తడిగాలి గదంతా నిండింది. టీ సంగతి ఇద్దరం మరిచిపోయాం. అమ్మ అక్కడే మంచం మీద కూర్చుంది.

నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా కార్డు చల్లబడింది. మెల్లమెల్లగా కాదు. ఒకసారి ముట్టుకుంటే కాలుతోంది, రెండు నిమిషాలాగి ముట్టుకుంటే బావిలోంచి తీసినట్టుంది.

ఐదింటికి సిరిసిల్ల నుంచి వదిన ఫోన్ చేసింది. ఏడుపులో మాటలు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అన్న ఒక కంటెయినర్ లోపల టైల్స్ పెట్టెలు సర్దుతూ వడదెబ్బ తగిలి పడిపోయాడు. మిగతావాళ్లు తినడానికి పోవడంతో ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు, స్పృహ లేదు. ఈ సంగతి వదినకు ఫోన్ చేసి చెప్పింది అన్నతో పనిచేసే గంగాధర్. అతనిది మా కోరుట్ల పక్కనే ఉన్న కథలాపూర్.

మూడు రోజులు అమ్మ అన్నం ముట్టలేదు. కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని వాకిట్లో తిరిగాను. నాలుగో రోజు అన్న కళ్లు తెరిచాడు. కిడ్నీలు దెబ్బతినకుండా బయటపడ్డాడని, ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్లు చెప్పారట. రెండు నెలలకు ఇంటికి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. ఏం జరిగిందని అడిగితే, పెట్టె ఎత్తడం వరకే గుర్తుందనీ తర్వాత ఆసుపత్రి పైకప్పే కనబడిందనీ చెప్పాడు. మేమూ గుచ్చి అడగలేదు. డబ్బా సంగతి నేను అన్నకు చెప్పలేదు. ఆ కంగారులో అది మాట్లాడుకోవాల్సిన విషయమనే అనిపించలేదు.

చలికాలంలో గంగాధర్ సెలవు మీద వచ్చి, అన్నను చూడటానికి మా ఇంటికి వచ్చాడు. అన్న ఆ వేళకు సిరిసిల్లలో ఉన్నాడు. గంగాధర్ ఖర్జూరాల డబ్బా అమ్మ చేతికిచ్చి కూర్చున్నాడు. ఆ రోజు అన్నను మొదట చూసింది తనే. వాళ్లు తినడానికి పోయింది అక్కడి టైము ఒకటీ ఇరవైకి, తిరిగొచ్చి చూసింది రెండూ ఇరవైకి అని చెప్పాడు. అంటే మనకు రెండూ యాభై, మూడూ యాభై. అన్న పనిచేస్తున్నది కంటెయినర్ లోపలి చివర. దొరికింది మాత్రం తలుపు దగ్గర. మోకాళ్లు, మోచేతులు గీసుకుపోయి ఉన్నాయట. స్పృహ లేని మనిషి నలభై అడుగులు పాకుకుంటూ వచ్చాడు.

“బండిల ఏస్కపోతుంటే ఒకటే కలవరిచ్చిండు” అన్నాడు గంగాధర్. “తమ్ముడు ఫ్యాన్ పెట్టిండు, గా గాలి దిక్కే అచ్చిన అన్నడు. ఆడ ఫ్యాన్ లేదు, ఏం లేదు. మల్ల కొద్దిసేపటికి, తువ్వాల పిండి కట్టుమను, నీళ్లు డబ్బా మీద పడ్తున్నయి అన్నడు. గదే మాట నాలుగైదుసార్లు. నాకిప్పటికీ సమజ్ కాలే. ఏ తువ్వాల తమ్మీ గది?”

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చేతిలోని బీడీ ఆకు అలాగే ఉండిపోయింది.

గంగాధర్‌కు ఏదో చెప్పి పంపించాను. ఆ తర్వాత నాకు తోచిన దారులన్నీ వెతికాను. ఫ్యాన్ సంగతి పాత జ్ఞాపకం అనుకోవచ్చు, ఎన్నో ఎండకాలాలు మేమిద్దరం ఆ ఫ్యాన్ ముందే గడిపాం. తువ్వాల అలా కాదు. ఆ రోజుకు ముందు మా ఇంట్లో ఎవరూ డబ్బా ముందు తడి తువ్వాల కట్టలేదు. ఆ సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. గంగాధర్ ఆ మాట విన్నది వదిన నాకు ఫోన్ చేయడానికి చాలా ముందు.

కార్డును కూడా పరీక్షించాను. మళ్లీ తొంభై దాకా వేడెక్కించి, ప్లగ్గు పీకి, అదే ఫ్యాన్ పెట్టి, ఫోన్‌లో టైము చూశాను. ఐదుసార్లు చేశాను. ఒక్కసారి కూడా పది నిమిషాలు దాటలేదు.

చివరికి అన్నకు అంతా చెప్పాను. అన్న లేచి డబ్బా ఉన్న గదిలోకి పోయి, ఒక్కడే కాసేపు కూర్చుని వచ్చాడు. మళ్లీ మస్కట్ పోలేదు. ఇప్పుడు కోరుట్లలోనే ఒక టైల్స్ షాపులో పనిచేస్తున్నాడు.

అమ్మను ఒక్కసారే అడిగాను, ఆ రోజు తువ్వాల ఎందుకు కట్టావని.

“చెయ్యి పెట్టంగనే నాకది డబ్బా అనిపియ్యలేరా” అంది.

మరి ఏమనిపించిందని నేను అడగలేదు. ఇది ఎలా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.